న్యూట్రల్ లేని ఇల్లు

పౌరుడు మంచం దిగి వెళ్ళి లైటు ఆర్పుకునే చీకటి యుగం ఈ నెలాఖరుతో ముగిసిపోతుందని వెలుగుల శాఖ మంత్రిగారు ప్రకటించారు.

ప్రకటన పూర్తి పాఠం ఆరు పేజీలు. ఒక మనిషి పుట్టింది మొదలు మంచానికీ స్విచ్చుబోర్డుకీ మధ్య నడిచే నడకంతా కలిపితే ఎంతవుతుందో అందులో ఉంది. ఆ నడకని మిగిల్చి జాతి నిర్మాణానికి మళ్ళిస్తామని కూడా ఉంది. పథకం మొదలయ్యే పాత క్వార్టర్స్‌లో మూడు వందల నలభై ఇళ్ళున్నాయి. వాటన్నిట్లో పాత స్విచ్చులు పీకేసి స్మార్ట్ స్విచ్చులు, పాత బల్బులు తీసేసి ఎల్‌ఈడీ లైట్లు బిగిస్తారు. పౌరుడు పడుకున్నవాడు పడుకున్నట్టే ఉండి ఫోను నొక్కితే చాలు, వెలుగుతుంది. మళ్ళీ నొక్కితే ఆరుతుంది. ఇంత గొప్ప ఆలోచన మీకెలా వచ్చిందని విలేకరులు అడిగితే, "పడుకుని ఉండగా వచ్చింది" అని మంత్రిగారు దాపరికం లేకుండా చెప్పారు.

ఈ మహత్కార్యంలో స్క్రూడ్రైవర్ పట్టుకునే భాగం టెస్టర్‌కి వచ్చింది.

టెస్టర్ అంటే మనిషే. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట ఎప్పుడూ టెస్టర్ పెట్టుకుంటాడు కాబట్టి శాఖలో అందరూ అలాగే పిలుస్తారు. అసలు పేరు ఐడీ కార్డు మీద ఉంది గాని ఆ కార్డుకి ఆయుష్షు తక్కువ. శాఖవారు అతన్ని ఎనభై తొమ్మిది రోజులు పనిలో ఉంచుకుని, తొంభయ్యో రోజున తీసేసి, మర్నాడు కొత్తగా చేర్చుకునేవారు. ఈ లెక్కన పంతొమ్మిదేళ్ళలో అతను ఒకే ఉద్యోగంలో డెబ్భై ఆరుసార్లు చేరాడు. ఇంత అనుభవం శాఖలో ఎవరికీ లేదు. స్కూలు ఫారంలో తండ్రి ఉద్యోగం అనే చోట కూతురు "టెంపరరీ" అని రాసి తెచ్చిన రోజున మాత్రం అతనికి అన్నం సహించలేదు.

అందుకే ఏఈ గారు, అంటే శాఖలో అసిస్టెంట్ ఇంజనీరుగారు, పిలిచి చెప్పిన మాట విని టెస్టర్ కాళ్ళు నేల మీద ఆగలేదు. మొదటి ఇల్లు సక్సెస్ అయితే అక్కడికక్కడే, మంత్రిగారి చేతుల మీదుగా, టెస్టర్‌కి పర్మనెంట్ ఆర్డరు. ఆర్డరు టైపయి, సంతకం ఒక్కటే తక్కువగా, మంత్రిగారి పి.ఎ. ఫైల్లో కూర్చుంది.

మొదటి ఇల్లుగా టెస్టర్ పెద్దమ్మ ఇల్లు ఎంపికైంది. బంధుప్రీతి ఏమీ లేదు. మంత్రిగారి కారు గుమ్మం దాకా వెళ్ళగలిగే ఇల్లు ఆ వీధిలో అదొక్కటే.

పెద్దమ్మ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. చెల్లెలు పోతే చెల్లెలి కొడుకుని తనే పెంచి, వైరింగ్ కోర్సు చదివించింది. ముప్పై మూడేళ్ళు లైట్లు ఆర్పని వార్డుల్లో నైట్ డ్యూటీలు చేసిన మనిషి కాబట్టి, మిగిలిన జీవితంలో ఆమె కోరింది ఒకటే. కళ్ళు తెరిచినా మూసినా తేడా తెలియనంత చీకట్లో పడుకోవాలి. కిటికీలకి నల్ల కర్టెన్లు కుట్టించుకుంది. గడియారం ముల్లు మెరుస్తోందని దాన్ని వంటింట్లోకి తరిమేసింది.

ప్రారంభోత్సవం పగలే జరిగింది. వెలుగు బాగా కనబడాలని కర్టెన్లు వేయించారు. పది మంది పట్టే పడగ్గదిలో నలభై మంది ఇరుక్కున్నారు. మంత్రిగారు ఫోను నొక్కారు. లైటు భళ్ళున వెలిగింది. చప్పట్లు. మంత్రిగారు మళ్ళీ నొక్కారు. లైటు తగ్గింది గాని ఆరలేదు. ఆరనా వద్దా అన్నట్టు మినుకుమినుకుమంటూ వెలుగుతూనే ఉంది.

"ఆర్పానయ్యా," అన్నారు మంత్రిగారు.

"ఆర్పేశారు సార్," అన్నారు పి.ఎ.

"మరి వెలుగుతోందేం?"

"మీ చెయ్యి తగిలిన వెలుగు సార్. అంత తేలిగ్గా పోతుందా?"

మళ్ళీ చప్పట్లు. మంత్రిగారు ఇంకో నాలుగుసార్లు నొక్కారు. నాలుగుసార్లూ లైటు వినయంగా తలవంచింది గాని సెలవు తీసుకోలేదు. ఆయన టెస్టర్ వైపు తిరిగి, పి.ఎ. చేతిలోని ఆర్డరు చూపించి, "ఇది ఆరిన రోజే నీకిది" అని కారెక్కారు.

జనం వెళ్ళాక టెస్టర్ స్విచ్చుబోర్డు ఊడదీశాడు. లోపల ఒకే వైరు కిందికి వచ్చి, తెగి, మళ్ళీ పైకి పోతోంది.

"ఏమైందిరా?" అంది పెద్దమ్మ.

"న్యూట్రల్ లేదు పెద్దమ్మా."

"అంటే?"

"కరెంటు వచ్చే వైరొకటి, తిరిగి పోయే వైరొకటి ఉంటాయి. ఆ తిరిగి పోయేదే న్యూట్రల్. ఈ ఇళ్ళు కట్టినప్పుడు దాన్ని పైన లైటు దాకానే వేసి వదిలేశారు. మామూలు స్విచ్చుకి దాంతో పని లేదు మరి. ఈ స్మార్ట్ స్విచ్చు అలా కాదు. నువ్వు ఫోన్లో ఎప్పుడు నొక్కుతావో అని కాపలావాడిలా మేలుకుని ఉండాలి. మేలుకోవాలంటే వాడికి టీ కావాలి. ఇక్కడ న్యూట్రల్ లేదు కదా, వాడు ఆ టీ కాస్తా లైటు గుండా లాక్కుని తాగుతున్నాడు."

"పాత బల్బైతే?"

"ఆ కాస్త కరెంటు దానికి ఆనదు. ఎల్‌ఈడీకి ఆ గుక్కే చాలు, వెలిగిపోతుంది."

"బాగు చెయ్యలేవా?"

"పైనుంచి పైపులో ఒక వైరు లాగితే సరి. ఒక పూట పని. కానీ సీలు వేసిపోయారు, చెయ్యి పెట్టాలంటే ఆర్డరు కావాలి."

సీలు నిజమే. లైటు చుట్టూ, స్విచ్చు చుట్టూ "ప్రభుత్వ వెలుగు, తొలగించిన వారు శిక్షార్హులు" అని స్టిక్కర్లు అంటించారు. మెయిన్ కట్టేస్తే ఫ్యాను కూడా పోతుంది. పెద్దమ్మ మొహానికి తువ్వాలు కట్టుకుని పడుకోవడం మొదలుపెట్టింది. వారం తిరిగేసరికి కళ్ళు గుంటలు పడ్డాయి. "డ్యూటీలో ఉన్నప్పుడు కనీసం పేషెంట్లుండేవాళ్ళురా, కబుర్లకి," అంది. ఆ మాట నవ్వుతూనే అంది గాని టెస్టర్‌కి నవ్వు రాలేదు.

అతను ఆ రోజే రిపోర్టు రాశాడు. మూడే వాక్యాలు. ఇంట్లో న్యూట్రల్ లేదు. అందువల్ల లీకేజీ ఉంది. న్యూట్రల్ లాగితే సరిపోతుంది.

ఇంత చిన్న రిపోర్టు శాఖ చరిత్రలో లేదు. ఏఈ గారు దాన్ని రెండుసార్లు చదివి, "ఇంగ్లీషు ముక్కలెక్కువయ్యాయి. ఫైళ్ళన్నీ తెలుగులో నడవాలని సర్క్యులర్ ఉంది," అని భాషాధికారికి పంపారు. భాషాధికారిగారికి తెలుగంటే ప్రాణం, కరెంటంటే భయం. వైర్ల జోలికి పోకుండా మాటల్ని మాత్రం పట్టుకున్నారు. సాయంత్రానికి రిపోర్టు ఇలా తయారై మంత్రిగారి బల్ల మీదికి వెళ్ళింది.

"ఈ గృహమునందు తటస్థులు లేరు. అందుచే విషయములు బయటికి పొక్కుచున్నవి. తటస్థులను లాగినచో సరిపోవును."

మంత్రిగారు దాన్ని చదివి కుర్చీలోంచి లేచారట. ఎన్నికలు ఎనిమిది నెలల్లో ఉన్నాయి. టెస్టర్‌కి కబురు వచ్చింది.

గదిలో మంత్రిగారు, పి.ఎ., ఏఈ గారు ఉన్నారు. తలుపు గడియ పెట్టారు.

"ఒక్కరు కూడా లేరా?" అన్నారు మంత్రిగారు.

"ఆ ఇంట్లోనే కాదు సార్. క్వార్టర్స్ మొత్తంలో లేదు," అన్నాడు టెస్టర్.

"మూడు వందల నలభై ఇళ్ళలోనా!"

"ఆ రోజుల్లో వేసేవాళ్ళు కాదు సార్."

"ఓట్లా?"

"వైరు సార్. న్యూట్రల్ అంటే వైరు."

"తటస్థులకి వైరం దేనికయ్యా? ఎవరి మీద?"

టెస్టర్ నోరు తెరిచాడు. ఏఈ గారు వెనక నుంచి చొక్కా పట్టి లాగారు. మంత్రిగారికి అడ్డు చెబితే ఏమవుతుందో ఏఈ గారికి బాగా తెలుసు. ఆయన ఈ ఊరికి అలాగే బదిలీ అయి వచ్చారు.

"సరే, ఈ లీకేజీ సంగతేమిటి? ఎంత ఉంది?" అన్నారు పి.ఎ., గొంతు తగ్గించి.

"చాలా కొంచెం సార్. ఎప్పుడూ ఉంటుంది."

"ఎక్కడికి పోతోంది?"

"పైకి సార్."

మంత్రిగారూ పి.ఎ. గారూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "అధిష్ఠానానికే పోతోందన్న మాట," అన్నారు మంత్రిగారు, కుర్చీలో కూలబడి. "ఎవరు చేస్తున్నారు?"

"స్విచ్చు సార్. అది ఎప్పుడూ మేలుకుని వింటూ ఉంటుంది. అందుకని..."

"వింటోందా!" మంత్రిగారు గోడ మీది స్విచ్చుబోర్డు వైపు చూసి, చేత్తో నోరు మూసుకున్నారు.

మర్నాడు రెండు కమిటీలు ఏర్పడ్డాయి. విషయాలు పైకి పొక్కించేదెవరో కనిపెట్టడానికి లీకేజీ కమిటీ. పాత క్వార్టర్స్‌లో తటస్థుల కోసం గాలింపు కమిటీ. రెండో కమిటీవారు ఫారాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. మొదట పెద్దమ్మ ఇంటికే వచ్చారు.

"అమ్మా, మీరు తటస్థులేనా?"

"నేనా? ముప్పై మూడేళ్ళు నర్సుని. ఎవరికి నొప్పొస్తే వాళ్ళ పక్షం."

అధికారి "పక్షపాతి" అని రాసుకున్నాడు.

"ఆ లైటు సంగతి కాస్త చూస్తారా నాయనా? కంటికి కునుకు లేదు."

"అది మా కమిటీ కిందికి రాదమ్మా," అని ఆయన పక్కింటికి వెళ్ళాడు. మూడు వందల నలభై ఇళ్ళు తిరిగినా తటస్థుడు దొరకలేదు. కొందరు ఈ పార్టీ అన్నారు, కొందరు ఆ పార్టీ అన్నారు, ఈలోగా నెలాఖరు గడువని అన్ని ఇళ్ళలోనూ ఆ స్విచ్చులే బిగించేశారు కాబట్టి మిగతావాళ్ళు లైటు ఆరిపోయేలా చేసే పార్టీ ఏదైనా ఫరవాలేదన్నారు. ఆఖరివాళ్ళని అరాచకవాదుల జాబితాలో చేర్చారు.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం పి.ఎ. గారు స్వయంగా టెస్టర్ని వెతుక్కుంటూ వచ్చారు. ఎప్పుడూ నలగని ఆయన చొక్కా నలిగి ఉంది.

"ఎవరికీ చెప్పనంటే ఒక మాట. మంత్రిగారు ప్రజలకి ఆదర్శంగా ఉంటుందని బంగళాలో కూడా ఆ స్విచ్చులే పెట్టించుకున్నారు."

"పాత బంగళా కదా సార్?"

"పడగ్గది లైటు ఆరడం లేదయ్యా. తొమ్మిది రోజులైంది ఆయన నిద్రపోయి. నిన్న సభలో ప్రతిపక్షం వాళ్ళ సవరణకి చెయ్యెత్తేశారు."

టెస్టర్ సంచీ భుజాన వేసుకుని వెళ్ళాడు. బంగళా గోడల్లో కూడా అదే కథ, ఒకే వైరు దిగి, ఒకే వైరు ఎక్కుతోంది. ఇక్కడ సీళ్ళు లేవు. లైటు దించాడు. పైపులోకి స్ప్రింగు వైరు దూర్చి, కొసకి కొత్త వైరు కట్టి, సబ్బు రాసి లాగాడు. రెండు వంపుల దగ్గర పాత సున్నం గడ్డకట్టి మొరాయించింది. బతిమాలాడు, తిట్టాడు, ముందుకీ వెనక్కీ ఆడించాడు. మూడు గంటలయ్యేసరికి వైరు కొస స్విచ్చుబోర్డులోంచి తొంగిచూసింది. దాన్ని స్విచ్చుకి బిగించి, ఫోను నొక్కమన్నాడు.

లైటు ఆరిపోయింది. మినుకు లేదు, మెరుపు లేదు.

మంత్రిగారు గుమ్మంలో నిలబడి ఆ గదిని చూశారు. "ఎంత చక్కటి చీకటయ్యా!" అన్నారు. చెప్పులైనా విప్పకుండా మంచమెక్కారు. రెండు నిమిషాల్లో గుర్రు వినిపించింది.

పి.ఎ. గారు వరండాలో నిలబడి, తెగిపడిన వైరు ముక్కొకటి వేళ్ళ మధ్య పెట్టుకుని తిప్పితిప్పి చూశారు.

"న్యూట్రల్ అంటే ఇదా?"

"ఇదే సార్. మొదటి రోజు నుంచీ అదే చెబుతున్నాను."

"ఇంత సన్నగా ఉంటుందా?"

"చాలు సార్ అది. మా పెద్దమ్మ ఇంట్లో కూడా ఇలాగే ఒక పూట చేసి పెడతాను. లైటు ఆరుతుంది. ఆర్డరు..."

పి.ఎ. గారు వైరు ముక్కని జేబులో దాచేశారు. "కమిటీలు వేశాం. తటస్థుల కొరత మీద సభలో అరగంట చర్చ జరిగింది. ప్రతిపక్షం కూడా ఆందోళన వ్యక్తం చేసింది. ఇప్పుడు వెళ్ళి, అయ్యా అది వైరు అంటే?"

"నిజమే కదా సార్."

"నిజం సంగతి కాదయ్యా నేను మాట్లాడేది. ఇక్కడ చేసింది సొంత పని. అక్కడ చేస్తే అది పాలసీ. పాలసీలో వైరు మరిచిపోయామని మూడు వందల నలభై ఇళ్ళ ముందు ఒప్పుకున్నట్టు."

సాయంత్రం నిద్ర లేచిన మంత్రిగారి మొహం కడిగిన పలకలా ఉంది. టీ తాగుతూ పి.ఎ. చెవిలో ఊదినదంతా విన్నారు. టెస్టర్ని దగ్గరికి పిలిచారు.

"నీది ఏ పార్టీ?"

"టెంపరరీ సార్."

"అదేం పార్టీ?"

"టెంపరరీకి పార్టీ ఏముంటుంది సార్? ఎవరి మీటింగుకైనా లైట్లు నేనే కడతాను. గెలిచినవాళ్ళ ఊరేగింపుకి కడతాను, ఓడినవాళ్ళ సంతాప సభకీ కడతాను."

మంత్రిగారు టీ కప్పు కింద పెట్టి, పి.ఎ. భుజం చరిచారు. "దొరికాడయ్యా!"

అలా పాత క్వార్టర్స్‌కి న్యూట్రల్ దొరికింది. పోస్టు కొత్తగా సృష్టించారు. పర్మనెంట్ పోస్టు. ఎనభై తొమ్మిది రోజుల గొడవ లేదు, రిటైరయ్యేదాకా తటస్థుడిగా ఉండొచ్చు. ఆ సాయంత్రం కూతురు తండ్రి మెడ పట్టుకుని ఊగింది. టెస్టర్ నవ్వుతూనే ఉన్నాడు గాని, సంచీలో మిగిలిన వైరు చుట్ట తీసి చూసుకున్నాడు. పెద్దమ్మ ఇంటికి సరిగ్గా సరిపోయేంత ఉంది. ముందు ఆర్డరు చేతికి రానీ, మర్నాడే లాగేద్దాం అనుకున్నాడు. అనుకున్నాక కాస్త స్థిమితపడ్డాడు.

విజయోత్సవం కూడా పెద్దమ్మ పడగ్గదిలోనే జరిపారు. మళ్ళీ కర్టెన్లు, మళ్ళీ నలభై మంది. పెద్దమ్మ మంచం మీద ఒక మూలకి ఒదిగి కూర్చుంది. కళ్ళ కింద వలయాలు మొహమంతా పాకాయి. మంత్రిగారు మాట్లాడుతూ, ఈ ఇంట తటస్థుడు లేని లోటు నేటితో తీరిందనీ, ఆ తటస్థుడు పరాయివాడు కాదు, ఈ తల్లి పెంచిన బిడ్డేననీ చెప్పి, ఫోను పైకెత్తి అందరికీ చూపించి, నొక్కారు.

లైటు తగ్గింది. మినుకుమినుకుమంటూ నిలిచింది.

నలభై మందీ పైకి చూశారు. ఒక విలేకరి అడిగాడు, "సార్, ఇది ఆరినట్టా, వెలుగుతున్నట్టా?"

"నేను చెబితే ప్రభుత్వం మాట అంటారు. మీరు చెబితే పత్రికల మాట అంటారు," అన్నారు మంత్రిగారు చిరునవ్వుతో. "తటస్థుణ్ణే అడగండి. అందుకే కదా పెట్టుకున్నది."

అందరూ టెస్టర్ వైపు తిరిగారు. పి.ఎ. గారు ఫైలు తెరిచి, ఆర్డరు మీద మంత్రిగారి పెన్ను పెట్టి పట్టుకున్నారు. పంతొమ్మిదేళ్ళుగా అతను బల్బు వంక చూసి ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. పెద్దమ్మ మొహం వైపు చూడకుండా ఉండాలని ప్రయత్నించాడు, చూశాడు. ఆమె, కొడుకు పరీక్ష పాసవుతాడా లేదా అని చూసే తల్లిలాగే చూస్తోంది.

"ఆరిందని కొందరంటారు సార్," అన్నాడు టెస్టర్. "ఆరలేదని కొందరంటారు. రెండు వైపులా ఆలోచించాలి."

గది చప్పట్లతో దద్దరిల్లింది. ఇంత నిష్పాక్షికమైన మాట ఈ శాఖలో తాను వినలేదని మంత్రిగారు కళ్ళు తుడుచుకుని, సంతకం పెట్టి, ఆర్డరు చేతికిచ్చి కారెక్కారు. నలభై మందీ ఆయన వెంట వెళ్ళిపోయారు. కర్టెన్లు తీయడం ఎవరికీ గుర్తు రాలేదు. పి.ఎ. గారు గుమ్మంలో ఆగి, "చివర్లో నీ సంతకం కూడా కావాలి. షరతులు ఒకసారి చదువుకో. తటస్థుడు ఏ లైన్‌నీ ముట్టుకోకూడదన్నది ముఖ్యమైన షరతు. స్విచ్చులు, లైట్లు, వైర్లు, ఏవీ," అన్నారు. "త్వరగా ఇచ్చెయ్యి, కారు కదులుతుంది."

టెస్టర్ ఆర్డరు విప్పాడు. అక్షరాలు చీమల్లా ఉన్నాయి. గదిలో చీకటి. ఎటు తిప్పినా కనబడలేదు. రెండడుగులు వేసి, సరిగ్గా లైటు కింద నిలబడ్డాడు. మొదటి పేజీ చదివాడు, రెండోది చదివాడు, మూడో పేజీ చివర పేరు రాయాల్సిన గీత వెతుక్కున్నాడు.

"కనబడుతున్నాయా నాన్నా, అక్షరాలు?" అంది పెద్దమ్మ మంచం మీంచి.

"బాగా కనబడుతున్నాయి పెద్దమ్మా," అని టెస్టర్ సంతకం పెట్టాడు.